గుమ్మంలోకి వచ్చిన జోత్

కాదు మనవరాలా, సెరఫీనా ఏడ్చిన దగ్గర కాదు మనం ఆపింది. మిమోజా నవ్విన దగ్గర. పత్రికకి అక్కణ్ణించి రాసుకో. నేను మెల్లగానే చెబుతాలే.

ఈస్టర్ వెళ్ళిన మంగళవారం. ఆడవాళ్ళంతా పెట్టెల్లోంచి పట్టు లంగాలు తీసి తొడుక్కున్నారు. రుమాళ్ళ కొసలు ఒకరివొకరు పట్టుకుని, గొలుసులా సాగుతూ, పాడుతూ వల్యా ఆట ఆడుకుంటూ వీధులన్నీ తిరుగుతున్నారు. పైఊరి మగాడెవడైనా దొరికితే చుట్టూ తిరిగి మధ్యలో బంధించడం, వాడు బార్‌కి తీసుకెళ్ళి అందరికీ పోయిస్తేగాని వదలకపోవడం, అదంతా మామూలే. ఆ గొలుసుకి చిట్టచివర సెరఫీనా ఉంది. వచ్చే ఆదివారమే ఆ పిల్ల పెళ్ళి. పెళ్ళికొడుకు దెమెత్రియో, మన చర్చి పాదిరీ పపాస్ యాని కొడుకు. మన పాదిరీలు పెళ్ళి చేసుకుంటారు కదా, పేరుకి ముందు పపాస్ అంటాం.

గొలుసు పపాస్ యాని ఇంటిముందుకి రాగానే ఆడవాళ్ళు మార్తా పాట ఎత్తుకున్నారు. ఏటా అక్కడే ఎత్తుకుంటారు. కావాలనే ఎత్తుకుంటారు.

పొద్దు వాలింది, మార్తా చేతుల నిండా పిండి.
జోత్ వచ్చాడు గుమ్మంలోకి, దీపమింకా పెట్టలేదు.
వేలి ఉంగరం తీశాడు, పిండిలో అచ్చు పడింది.

అంతే పాట. మూడోది అయ్యాక మళ్ళీ మొదటికొస్తుంది. జోత్ అంటే పాదిరీ అని మన ఊళ్ళో ఉయ్యాల్లో పిల్లకి కూడా తెలుసు. ఏ పాదిరీ అంటే, యాని తాత పపాస్ వసీలి. మార్తా ఎవరంటే, సెరఫీనా నానమ్మ విన్చెంజాకి మేనత్త. ఒంటరిగా ఉన్న పిల్ల ఇంట్లోకి మునిమాపువేళ జొరబడి, వేలి ఉంగరం ఊడబెరుక్కుని, ఉంగరంతోపాటు పరువూ పట్టుకుపోయాడని ఊరంతా చెప్పుకునే అర్థం. మార్తా ఆ తరవాత పెళ్ళి చేసుకోలేదు, ఒంటిమీద నల్లబట్ట విప్పలేదు. అప్పట్నుంచీ ఆ ఇంటికీ ఈ ఇంటికీ మాటల్లేవు. దెమెత్రియోని చేసుకుంటానని సెరఫీనా చెప్పిన రోజున విన్చెంజా ఏమందో కిందటి వారం రాశాం కదా. "పోతానంటే పో. నీ చెయ్యి పట్టి గుమ్మం దాటించేది మాత్రం నేను కాదు" అంది. తల్లిలేని పిల్ల సెరఫీనా. ఇంట్లో పెద్దది చెయ్యి పట్టి దాటించకపోతే మనలో పెళ్ళిపాట ఎత్తుకునేవాళ్ళుండరు. పాట లేకుండా ఏ పెళ్ళికూతురూ గడప దాటదు.

అలాంటి పాట విని, ఆ గొలుసులోనే నడుస్తున్న పైదేశపు మనిషి మిమోజా నవ్వింది. వెక్కిరించి కాదు. చంటిపిల్లని చూసినట్టు మురిసిపోతూ నవ్వింది. "ఎంత ముద్దొచ్చే పాట!" అంది, వీధంతా వినబడేట్టు. గొలుసు అక్కడికక్కడ తెగిపోయింది.

ఇప్పుడు వంటింట్లోకి వెళదాం పద.

విన్చెంజా ఎండుమిరపకాయలు వేయిస్తోంది. సెరఫీనా రాత్రి భోజనానికి పిండి పిసుకుతోంది. కోపమొస్తే ఆ ఇంట్లో మాట తగ్గి పని పెరుగుతుంది. పిండి అప్పటికే మెత్తగా అయిపోయినా ఆ పిల్ల ఇంకా పిసుకుతూనే ఉంది. బల్లకి అటువైపు మిమోజా, ఏం తప్పు చేసిందో తెలియక చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. అంతకు ముందేడాది అల్బేనియా నుంచి ఓడల్లో వచ్చినవాళ్ళలో ఒకతె. మొగుడు బారి పట్నం రేవులో పనిచేస్తాడు, ఈమె విన్చెంజా ఇంటి పైగదిలో ఉంటుంది. మన పెద్దలూ ఎప్పుడో అక్కణ్ణించే సముద్రం దాటి వచ్చారు కాబట్టి ఆమె మాట్లాడేదీ మన మాటే, కాకపోతే ఎప్పుడో విడిపోయిన అన్నదమ్ముల పిల్లల మొహాల్లా కొంచెం పోలిక, కొంచెం తేడా.

"పైగది ఇచ్చాను," అంది విన్చెంజా, పెనం మీంచి కళ్ళెత్తకుండా. "పరుపు ఇచ్చాను. మా మేనత్త బతుకు చూసి నవ్వుకోమని మాత్రం ఇవ్వలేదు."

"అయ్యో పెద్దమ్మా, ఆ పాటలో ఏడవాల్సిందేముంది?"

"ఏముందా? నువ్వు విన్నదేమిటో చెప్పు ముందు."

"విన్నదే చెబుతున్నా. సాయంత్రమైంది. పెళ్ళాం పిండి పిసుకుతోంది. ఇంటాయన వచ్చాడు. ఆవిణ్ణి దీపం కూడా పెట్టనివ్వలేదు. వేలి ఉంగరం తీసి, ఆటకి పిండిలో అద్దాడు. మా ఆయన బారి నుంచి వచ్చాడంటే ఇంతే. తిన్నగా వంటింట్లోకొచ్చి..." మిమోజా మొహం ఎర్రబడింది. "సరే, అదంతా ఎందుకులే."

"ఇంటాయన ఎక్కణ్ణించి ఊడిపడ్డాడే పాటలోకి?"

"జోత్ అని పాడారుగా మరి!"

"జోత్ అంటే పాదిరీ!"

"మా దగ్గర పాదిరీకి వేరే మాటుంది పెద్దమ్మా. జోత్ అంటే ఇంటి యజమాని. దేవుణ్ణీ అంటాం, అందరికీ యజమాని కాబట్టి."

విన్చెంజా చిల్లులగరిటెతో పెనం అంచు మీద ఠంగుమని కొట్టింది. "మా పెద్దలు సముద్రం దాటినప్పుడు మంచి మాటలన్నీ మూటగట్టుకుని తెచ్చుకున్నారు. మిగిలిన తుక్కు మీకు వదిలేసి వచ్చారు. నువ్వొచ్చి నాకు నేర్పుతావా?"

"తుక్కులో ఒక మంచి మాట మిగిలిపోయినట్టుంది పెద్దమ్మా," అంది మిమోజా మెల్లిగా.

సెరఫీనా చేతులు పిండిలోనే ఆగిపోయాయి. ఇంటాయన! ఆ ఒక్క మాట గనక నిజమైతే వసీలి ఆ ఇంటికి రానేలేదు. ఏ తప్పూ చెయ్యలేదు. ఆదివారం నానమ్మ తన చెయ్యి పట్టుకుంటుంది. కానీ నానమ్మ అన్నదీ నిజమే. అల్బేనియాలో ఎవరు ఏమనుకుంటే ఏం? పాట కట్టింది ఇక్కడ. ఈ ఊళ్ళో జోత్ అన్న మాటకి పాదిరీ తప్ప ఇంకో అర్థం ఉందని ఎవరు ఒప్పుకుంటారు?

సరిగ్గా అప్పుడే పెరట్లో కరకరమని చప్పుడైంది.

విన్చెంజా గరిటె పట్టుకునే కిటికీ దగ్గరికి పరిగెత్తింది. చిక్కుడు మడిలో మేక. పూతతో సహా లాగి నములుతోంది.

"ఒసే నీ పొట్ట పగల! పో, పో! ఎవడ్రా ఈ మేకకి జోత్? జోత్ లేని మేకైతే చెప్పండి, ఈ రాత్రికే కోసి కూరొండేస్తా!"

"నేనే, నేనే దాని జోత్‌ని!" అని వీధిలోంచి ఒక గొంతు. "కొంప మునిగినట్టు అరవకు విన్చెంజా, తోలుకుపోతున్నా!"

ఆ గొంతెవరిదో ఇప్పుడు అనవసరం. రాయకు.

విన్చెంజా కిటికీ మూసి వెనక్కి తిరిగింది. మిమోజా కింది పెదవి పళ్ళతో నొక్కి పట్టుకుని బల్లకేసి చూస్తోంది. సెరఫీనా కళ్ళు ఇంతింతలయ్యాయి.

"నానమ్మా."

"ఏమిటే?"

"మేకకి పాదిరీ ఎందుకు నానమ్మా?"

"పాదిరీ ఏమిటి, మతిపోయిందా?"

"నువ్వేగా అడిగావు, ఎవడ్రా ఈ మేకకి జోత్ అని. ఏం చేయిద్దామని? బాప్తిస్మమా? లేకపోతే చిక్కుడుకాయలు తిన్న పాపం ఒప్పుకోవాలా అది?"

విన్చెంజా గరిటె ఆడించింది. "అది వేరు. అది మేకల దగ్గర అనే మాట."

"మేకకైతే యజమాని. మార్తత్తకైతే పాదిరీ. అంతేనా?"

"నోర్ముయ్."

"ఇది సముద్రం అవతలి తుక్కు కాదు నానమ్మా. నీ నోట్లో మాట! ఇప్పుడే, ఇక్కడే, కిటికీలోంచి అరిచావు. ఆ మేక జోత్ కూడా నేనే జోత్‌ని అన్నాడు. ఆయనేం పూజ చేయిస్తాడా చర్చిలో?"

మిమోజా ఇక ఆపుకోలేకపోయింది. పకపకా నవ్వింది. విన్చెంజా పెదవి మూల కూడా ఒకసారి వణికింది కానీ, ఆవిడ అంత తేలిగ్గా లొంగే మనిషి కాదు. పెనంలో మిరపకాయలు మాడి ఘాటు లేచింది. దగ్గుతూనే పెనం దింపింది, దగ్గుతూనే కుర్చీలో కూర్చుంది.

"సరే," అంది. "ఇంటాయనే అనుకో. నీ మేక మాటే గెలిచిందనుకో. మార్తాకి ఇంటాయన ఏడే? పెళ్ళే కాలేదు కదా దానికి. మొగుడు లేని ఇంటికి ఏ మొగుడొచ్చాడు? చెప్పు, నవ్వడం కాదు."

నవ్వు ఆగిపోయింది.

"పైగా ఉంగరం సంగతేమిటి?" అంది విన్చెంజా. ఇప్పుడు గొంతులో కోపం లేదు, ఏదో పాత నొప్పి ఉంది. "వేలి ఉంగరం తీశాడా లేదా? ఎవడైతేనేం, ఆడపిల్ల వేలిది ఊడదీసుకుపోయినవాడు."

సెరఫీనా తన వేళ్ళ వంక చూసుకుంది. మణికట్టు దాకా పిండి. గోళ్ళ చుట్టూ పిండి.

"నానమ్మా, నా ఉంగరం ఏది?"

"పారేశావా? దెమెత్రియో పెట్టింది పారేశావా?"

"లేదు, అదిగో." కిటికీ పక్కన మేకుకి ఎర్రదారంతో ఉంగరం వేలాడుతోంది. "పిండి కలిపేముందు తీసి తగిలించాను. చిన్నప్పుడు నువ్వేగా నేర్పావు. ఉంగరం చేత్తో పిండి ముట్టుకుంటే వేళ్ళు విరగ్గొడతానన్నావు."

"అంటా. పిండి ఇరుక్కుంటుంది, రాయి వదులవుతుంది. ఎవరైనా అంతే చేస్తారు."

"నీకెవరు నేర్పారు?"

"ఎవరేమిటి, మార్తత్తే..." అనబోయి విన్చెంజా ఆగిపోయింది.

సెరఫీనా బల్ల చుట్టూ తిరిగి నానమ్మ ముందు మోకాళ్ళ మీద కూర్చుంది. "పాట మొదటి మాటే అది కదా! చేతుల నిండా పిండి. పిండి చేతులున్న ఆడదాని వేలికి ఉంగరం ఉండదు! నీ వేలికి లేదు, నా వేలికి లేదు, మార్తత్త వేలికి ఎలా ఉంటుంది? వేలి ఉంగరం తీశాడని ఉంది. ఎవరి వేలిదో పాట చెప్పలేదు నానమ్మా. మనమే మార్తత్త వేలికి తొడిగాం. మనమే ఊడబెరికాం. ఏటా వల్యాలో తొడగడం, ఊడబెరకడం!"

"మరి ఎవరి వేలిది?"

"వచ్చినవాడిది! తన వేలిది తీశాడు."

మిమోజా లేచి మేకు మీంచి ఉంగరం తీసింది. సెరఫీనా చెయ్యి వెల్లకిలా తిప్పి, పిండి అంటిన అరచేతిలో ఉంగరాన్ని పెట్టి, వేళ్ళు మూసి నొక్కింది. తెరిచి, ఉంగరం ఎత్తి చూపించింది. అరచేతి పిండిలో గుండ్రంగా అచ్చు.

ముగ్గురూ ఆ అచ్చుకేసి చూశారు.

"తీసుకుపోలేదే," అంది విన్చెంజా. ఎవరితోనో కాదు, తనతోనే. "ఇచ్చాడు."

వంటింట్లో చీకటి పడుతోంది. మిమోజా లైటు వెయ్యడానికి గోడ దగ్గరికి వెళ్ళింది. ఆమె చెయ్యి మీట మీద పడేలోపు వీధి తలుపు చప్పుడైంది.

గుమ్మంలో పొడవాటి నల్ల అంగీ. తలమీద నల్ల టోపీ. ఆ గడప ఎప్పుడూ ఎక్కని మనిషి. పపాస్ యాని.

పిండి చేతులతో సెరఫీనా. వెలగని లైటు. గుమ్మంలో పాదిరీ. ఆడవాళ్ళు ముగ్గురికీ ఒకేసారి తట్టింది.

"చూశావుటే," అంది విన్చెంజా గొంతు తగ్గించి. "జోత్ రానే వచ్చాడు."

మిమోజా కిసుక్కున నవ్వి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. పపాస్ యానికి ఏమీ అర్థం కాలేదు. టోపీ తీసి చేత్తో పట్టుకున్నాడు.

"లోపలికి రమ్మంటారా అత్తా?"

"గుమ్మం దాకా వచ్చారుగా. అక్కణ్ణించే చెప్పండి."

"సరే, ఇక్కణ్ణించే. మధ్యాహ్నం మా ఇంటిముందు నవ్వు వినబడింది. ఆ పాట మొదలైతే మేం కిటికీలు మూసుకుంటాం అత్తా. నా చిన్నప్పట్నుంచీ అంతే. ఆ పాటకి ఎవరైనా నవ్వడం ఇదే మొదటిసారి. ఎవరా అని కిటికీ తీశాను." మిమోజా వంక చూసి కొంచెం తల వంచాడు. "తీశాక మళ్ళీ ముయ్యబుద్ధి కాలేదు. మీరు మూడు చరణాలు పాడతారు. మా ఇంట్లో నాలుగోది ఉంది."

"నాలుగోదా?" విన్చెంజా లేచి నిలబడింది. "మా మేనత్త పాటకి మీ ఇంట్లో చరణమేమిటి?"

"మా నానమ్మ జోలపాటగా పాడేది. తలుపులన్నీ వేసి. ఊళ్ళో పాడితే సాకులు చెప్పుకున్నట్టుంటుందని మా తాత వద్దన్నాడట. పాదిరీతో ఒకడు చెప్పుకున్నది పాదిరీ దగ్గరే ఉండాలన్నాడట. నా పిల్లాడి పెళ్ళి ఆగిపోతుంటే ఇంక నా వల్ల కాదు అత్తా. కోపగించుకుంటే మా తాత పైనుంచి కోపగించుకోనీ."

గొంతు సవరించుకున్నాడు. చర్చిలో మొత్తం ఊరికి వినబడేట్టు పాడే మనిషి, ఆ గుమ్మంలో పసివాణ్ణి నిద్రపుచ్చుతున్నట్టు పాడాడు.

ఏడవకు మార్తా, ఉంగరం నాది కాదు, నన్ను పంపినవాడిది.

సెరఫీనా అరచేతిని గుండెకి హత్తుకుంది. కొత్త రవిక మీద పిండి మరకైంది, పట్టించుకోలేదు.

"యుద్ధానికి వెళ్ళిన మన ఊరి కుర్రాళ్ళతో తాత కూడా పోయాడు," అన్నాడు పపాస్ యాని. "అక్కడ చచ్చిపోతూ ఒకడు తన ఉంగరం ఇచ్చి, మార్తాకి ఇమ్మన్నాడు. దార్లో పోతుందని తాత తన వేలికే పెట్టుకుని తెచ్చాడు. ఊరు చేరిన సాయంత్రం ఇంటికి కూడా పోకుండా తిన్నగా ఈ గుమ్మంలోకొచ్చాడు. చూసినవాళ్ళు చూశారు. చూసిన దానికి తోచిన అర్థం చెప్పుకున్నారు."

వంటింట్లో మాడిన మిరపకాయల ఘాటు ఇంకా ఉంది. దాన్ని సాకు చేసుకుని విన్చెంజా కళ్ళు తుడుచుకుంది.

"అయితే జోత్ అంటే పాదిరీయే," అంది చివరికి. "నేనన్నదే నిజం."

"నిజమే నానమ్మా," అంది సెరఫీనా. ఏడుస్తోందో నవ్వుతోందో ఆ పిల్లకే తెలియదు. "మేక మాటా నిజమే. అది చిక్కుడు మడిలోకి రాకపోతే మనం ఉంగరం దాకా వచ్చేవాళ్ళమా?"

విన్చెంజా వినిపించుకోలేదు. గుమ్మం దగ్గరికి నడిచింది. పపాస్ యాని మొహంలోకి సూటిగా చూసింది. "ఎవడు వాడు? మా అత్తకి ఒకడున్నాడని మా నాన్నకి తెలియదు, మా అమ్మకి తెలియదు, నాకు తెలియదు. చచ్చేదాకా విధవలా నల్లబట్ట కట్టింది. ఎవడి కోసం కట్టింది? పేరు చెప్పు." కోపంలో మర్యాద జారి, నోట్లోంచి నువ్వు వచ్చేసింది. ఆ ఇల్లు ఈ ఇల్లుతో నువ్వు అని మాట్లాడడం అదే మొదలు.

"పేరు ఐదో చరణంలో ఉందట. నాకు తెలియదు అత్తా. మగపిల్లలకి అక్కడిదాకా పాడేవాళ్ళు కాదు. మా అక్క స్తెఫానియాకి తెలుసు."

"అయితే అడుగు దాన్ని!"

"నాతో మాట్లాడితేగా. ఆ పాట వినలేకే ఊరొదిలి కొసెన్జా పోయింది. నిజం నోట్లో పెట్టుకుని కిటికీలు మూసుకున్న పిరికివాణ్ణని నా మీద కోపం. ఫోను చేస్తే నా గొంతు వినగానే పెట్టేస్తుంది."

విన్చెంజా గుమ్మం చెక్క పట్టుకుంది. ఒక్కొక్క మాటే చెప్పింది. "ఆదివారంలోపు ఆ పేరు నా చెవిన పడాలి. పడిందా, దీని చెయ్యి పట్టుకుని ఈ గుమ్మం దాటించేది నేనే, పాట ఎత్తుకునేదీ నేనే. పడలేదా, ఇదిగో, ఈ కుర్చీ. కదలను. ఒకసారి సగం పాట నమ్మి బతుకంతా పాడుచేసుకున్నాను. మళ్ళీ సగం పాట నమ్మమంటే నా వల్ల కాదు."

"నేను వెళ్తాను," అంది సెరఫీనా. చేతులు కూడా కడుక్కోలేదు. "తెల్లారి మొదటి బస్సుకే కొసెన్జా వెళ్తాను. నా మొహం మీద తలుపేస్తే తలుపు ముందే పాడతాను. నాలుగు చరణాలూ పాడి ఆపేస్తాను. ఐదోది తెలిసిన మనిషి అక్కడ ఆగిందాన్ని విని ఎంతసేపు ఊరుకుంటుందో చూస్తాను!"

అరచేతిలో పిండి ఆరి, ఉంగరం అచ్చు గట్టిపడింది.

ఇక్కడ ఆపు మనవరాలా. కలం కింద పెట్టు. ఆ తలుపు దగ్గర ఏం జరిగిందో నేను విన్నదే గాని చూసింది కాదు. ఆ పేరు పత్రికలోకి ఎక్కించాలా వద్దా అన్నది నా చేతిలోనూ లేదు, ఆ చరణం దాచుకున్న మనిషి చేతిలో ఉంది. అందుకని ముందు ఇది కొసెన్జాలో ఉన్న మీ స్తెఫానియా పెద్దమ్మకి చదివి వినిపించు. మెల్లగా చదువు, చెవి కొంచెం మందం ఆవిడకి. నాలుగో చరణం దగ్గరికి వచ్చాక మాత్రం చదవకు, పాడు. పాడి ఊరుకో. ఆవిడ ఏమంటుందో విని వచ్చి నాకు చెప్పు.